సాక్సుల కింద మెట్టెలు

ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే ఉంది: అమ్మ కాలివేలు కొవ్వొత్తిలా ఉంది. మిగతా పేజీ ఖాళీ. రోజూ రెండు పేజీలకు తగ్గకుండా రాస్తాను. మనుషుల ముందు నోరు పెగలనివన్నీ అక్కడే చెప్పుకుంటాను. అలాంటిది ఆ రోజు ఆ వాక్యం దాటి కలం కదల్లేదు. మూడు నెలలు గడిచాయి. ఇప్పుడు మొదటినుంచీ రాయడానికి కూర్చున్నాను.

నేను పటమటలో ఒక రికవరీ సెంటర్లో పనిచేస్తాను. జిమ్ముల్లో బరువులెత్తేవాళ్ళు, షటిల్ ఆడేవాళ్ళు, రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేసిన వ్యాపారస్థులు వస్తారు. ఒక గదిలో ఐసు నీళ్ళ తొట్టి ఉంటుంది, ఇంకో గదిలో చలి మిషను. మిషనంటే నిలువెత్తు గుండ్రటి పీపా. తలుపు తెరుచుకుని లోపల నిలబడితే తల మాత్రం పైకి కనిపిస్తుంది. అడుగునుంచి నైట్రోజన్ ఆవిరి వదులుతారు. మీటరు సున్నాకి కింద నూట ముప్పై దాకా దిగిపోతుంది. లోపల ఉండేది మూడే నిమిషాలు. బయటికొచ్చాక ఒళ్ళు తేలికైందంటారు కొందరు, నొప్పి లాగేసినట్టు పోయిందంటారు కొందరు. కొందరు ఏమీ అనకుండా చిన్నపిల్లల్లా నవ్వుతారు.

చేరిన వారంలో నన్నూ ఒకసారి లోపల నిలబెట్టారు. వచ్చేవాళ్ళకి చెప్పాలంటే నీకు తెలియాలిగా అన్నారు. బయట బెజవాడ మే నెల. బందరు రోడ్డు మీద తారు చెప్పులకి అంటుకుంటోంది. అయిదు నిమిషాల ముందు ఆ ఎండలో చెమటతో నడిచి వచ్చిన ఒంటి మీద ఆ ఆవిరి తగలగానే, ఎవరో వెనకనుంచి వచ్చి చెంప మీద కొట్టినట్టయింది. చలి అనిపించలేదు. ఊపిరి ఎక్కడ పెట్టుకోవాలో మర్చిపోయాను. రెండో నిమిషంలో తొడల చర్మం నాది కాదనిపించింది. బయటికొచ్చాక గంటసేపు, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, గొప్ప ధైర్యవంతురాలినన్న భావన కలిగింది. ఆ సాయంత్రమే అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

అమ్మా నాన్నా ఇద్దరూ నేతపనివాళ్ళు. మా ఊరు పామర్రు దాటి బందరు వైపు వెళ్ళే దారిలో ఉంటుంది. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. గుంటలోకి కాళ్ళు దించి నేల మీద కూర్చుని నేస్తారు. గుంటలో రెండు తొక్కుడు చెక్కలుంటాయి. కుడికాలు, ఎడమకాలు, ఒకదాని తర్వాత ఒకటి తొక్కితే పడుగు పోగులు విడి, వాటి మధ్యలోంచి పేక దారం మోసే నాడె దూసుకెళ్తుంది. కళ్ళు పోగుల మీద ఉంటాయి కాబట్టి కాళ్ళు చూసుకునే వీలుండదు. చెక్క ఎక్కడుందో వేళ్ళకే తెలియాలి. అమ్మ పధ్నాలుగో ఏట గుంటలోకి దిగింది. ఇప్పుడు గుంటలోంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి, మోకాళ్ళు టకటకమంటాయి. పనిచేసేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి ఒకసారి ఉచితంగా చేస్తాం అని మా సెంటర్లో చెప్పగానే నాకు అమ్మ మోకాళ్ళే గుర్తొచ్చాయి.

"చలి పెడితే నొప్పి తగ్గడమేంటే? చలికాలంలోనేగా నాకు ఎక్కువయ్యేది?" అంది అమ్మ ఫోన్లో.

"అది వేరే చలి అమ్మా."

"చలిలో కూడా రకాలుంటాయా?" అని నవ్వింది. వారం ఆలోచించి వస్తానంది. "బంగారం అదీ తీసేయాలా? ముందే చెప్పు, వచ్చాక అక్కడ నానా హడావుడి చేయకుండా."

లోహం ఏదీ ఒంటిమీద ఉండకూడదని చెప్పాను. లోహం క్షణంలో మంచుకన్నా చల్లబడి చర్మాన్ని కాల్చేస్తుందని కూడా చెప్పాను. అవును, చెప్పాను. ఇది రాయకపోతే మిగతాది రాయడంలో అర్థం లేదు.

ఆ మంగళవారం పొద్దున్నే మొదటి బస్సుకి వచ్చింది. బట్టలు మార్చుకునే గదిలో సంచిలోంచి చిన్న పొట్లం తీసింది. అందులో పసుపు రాసిన దారం, దానికి కట్టిన పసుపు కొమ్ము. పక్కింటి పిన్ని స్కానింగుకి వెళ్ళినప్పుడు ఇలాగే చేసిందట. కొత్త దారం మెళ్ళో వేసుకున్నాకే పుస్తెల తాడు తీసి, కళ్ళకద్దుకుని నా చేతిలో పెట్టింది. మెడ ఒక్క క్షణం కూడా బోసిగా ఉండకూడదు. తర్వాత కమ్మలు, ముక్కుపుడక. గాజులు మట్టివే, అవి ఉండొచ్చా అని అడిగింది. వద్దులే అన్నాను. వాటి బదులు మణికట్టుకి కూడా దారం తెచ్చుకుంది. ఇంత ఆలోచించుకుని వచ్చిన మనిషిని ఇంకేం అడగాలి? గర్వంగా అనిపించింది. మా ఫారంలో ఇంగ్లీషులో వరసగా నాలుగు గళ్ళుంటాయి: వాచీ, ఉంగరం, చైను, చెవిపోగులు. నాలుగింటికీ టిక్కు పెట్టాను.

సాక్సులు ఇచ్చాను. మందపాటి తెల్లటివి.

"ఇవేంటే, మల్లెపూవుల్లా ఉన్నాయి. బస్సు దుమ్మంతా నా కాళ్ళకే ఉంది. మాసిపోతాయి."

"కుళాయి అక్కడుంది, కడుక్కో అమ్మా" అన్నాను.

ఈ మాట కూడా నేనే అన్నాను. చర్మం పొడిగా ఉండాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. రోజుకి పదిసార్లు నేనే చెబుతాను. కానీ బయటినుంచి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కోవడం నాకు పుట్టినప్పటినుంచి అలవాటైన మాట, నోట్లోంచి దానంతటదే వచ్చింది. అమ్మ కడుక్కుని చీర కుచ్చెళ్ళతో పైపైన తుడుచుకుంది. వెంటనే సాక్సులు తొడుక్కుంది, నా వైపు వీపు పెట్టి.

గదిలోంచి మిషను దాకా నాలుగడుగులు. అమ్మ ముందు, నేను వెనక. అప్పుడు చూశాను. రెండు కాళ్ళకీ బొటనవేలి పక్క వేలు మీద సాక్సు కొంచెం ఉబ్బెత్తుగా ఉంది.

మెట్టెలు.

నేను చూశాను. అర్థమైంది కూడా. కానీ మిషను చూసే ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. మంచాయన, అమ్మ వయసు వాడే. ఇదివరకు బందరు దగ్గర రొయ్యలకి ఐసు వేసే ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు చేశాడు. ఆడవాళ్ళు లోపలికెళ్ళేటప్పుడు గోడ వైపు తిరిగి నిలబడతాడు. అమ్మ చీర మార్చి వేసుకున్న మా సెంటరు గౌనులో, మోకాళ్ళ దాకే ఉన్న దాంట్లో, సిగ్గుతో ముడుచుకుపోయి ఉంది. త్వరగా కానివ్వండి అన్నట్టు ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ మగమనిషి వింటుండగా మా అమ్మతో 'మెట్టెలు తీయి' అనాలి. భర్త ఉన్న ఆడదాన్ని పట్టుకుని ఆ మాట. మా ఇంట్లో ఆ మాట ఒక్కసారే విన్నాను, తాతయ్య పోయినప్పుడు, నాన్నమ్మ ముందు. నా నాలుక కదల్లేదు. సాక్సు మందంగానే ఉందిగా, మూడు నిమిషాలేగా, అనుకున్నాను. ఇవన్నీ అనుకోవడానికి పట్టిన సమయంలో ఆ ఒక్క మాట నాలుగుసార్లు చెప్పొచ్చు.

అమ్మ లోపలికెళ్ళి తలుపేసుకుని, గౌను పైనుంచి నాకందించింది.

"ఏమే, ఆవకాయ జాడీలో దిగినట్టుంది. మూత కూడా పెడతారా?"

గోడ వైపు తిరిగే ఆయన అన్నాడు, "మూత పెట్టం చెల్లెమ్మా. మూడు నిమిషాల్లో ఎవరూ ఊరరు."

ఆవిరి లేచింది. అమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "అబ్బో! అబ్బబ్బో! అన్నయ్యగారూ, ఇది ఐసు కాదండీ, ఇదేదో..." మాట అందక ఆగిపోయి, మళ్ళీ నవ్వింది. లోపలున్నవాళ్ళని మాట్లాడిస్తూ ఉండటం నా పని. మాటలు ఆగితే ఏదో తేడా ఉన్నట్టు లెక్క. కొత్తవాళ్ళతో మాట్లాడలేక నేను అవస్థపడే పని అది. సొంత తల్లితో కూడా ఏం మాట్లాడాలో తోచలేదు.

"నాన్న అన్నం తిన్నాడా?"

"పొద్దున్నే ఎనిమిదింటికి అన్నమేంటే, పిచ్చిమొహమా! ఉప్మా చేసి పెట్టొచ్చాను. తిన్నాడో, పక్కవాళ్ళకి రాజకీయాలు చెబుతూ కూర్చున్నాడో."

రెండో నిమిషం మొదలైంది. అమ్మ మొహంలో నవ్వు తగ్గింది.

"కాలివేళ్ళు మండుతున్నాయే."

"కాళ్ళ దగ్గరే చలి ఎక్కువుంటదమ్మా. తిమ్మిరెక్కుద్ది" అన్నాడాయన.

"సరేలెండి, మందన్నాక మండదా మరి" అంది అమ్మ.

నాకు తెలుసు. ఆ గదిలో ఉన్న ముగ్గురిలో ఆ మంట ఏమిటో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"అమ్మా" అన్నాను.

"ఏంటే?"

"ఏం లేదు."

ఆ రెండు మాటలు ఎలా వచ్చాయో నాకిప్పటికీ అర్థం కాదు. ఇంకా యాభై సెకన్లు ఉంది. అమ్మ మాట్లాడటం మానేసింది. పెదాలు బిగించి గోడ మీద గడియారం వైపు చూస్తూ నిలబడింది, గుంటలోంచి లేచేటప్పుడు ఉండే మొహంతో. మూడు నిమిషాలు పూర్తయ్యాక మిషను మోగింది.

కుర్చీలో కూర్చోబెట్టి కుడికాలి సాక్సు లాగాను. వేళ్ళ దగ్గర గట్టిగా, అట్టలా అయింది. ఊడి వచ్చాక చూస్తే ఆ వేలు తెల్లగా ఉంది. పాలిపోయిన తెలుపు కాదు. మైనం తెలుపు, లోపల రక్తం ఎప్పుడూ లేనట్టు. మెట్టె చర్మానికి అతుక్కుని, దాని చుట్టూ సన్నగా మంచు నూగు. చేత్తో ముట్టుకుంటే వేలు ముట్టుకున్నట్టు లేదు.

"ఏం తెలియట్లేదే" అంది అమ్మ. ఆశ్చర్యపోతున్నట్టు అంది, ఎవరి కాలో చూస్తున్నట్టు.

నేను ఆ పాదాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. జలుబు చేస్తే అరికాళ్ళు రుద్దుతాం, స్పృహ తప్పితే రుద్దుతాం. చేతులకి తెలిసిన వైద్యం అదొక్కటే.

"రుద్దకమ్మాయ్! రుద్దకు!" ఆయన అరిచిన అరుపుకి నా చేతులు ఎగిరిపడ్డాయి. "తోలు ఊడొస్తది. మెట్టె లాగకు, అతుక్కునుంది. గోరువెచ్చటి నీళ్ళు తే, పరిగెత్తు. వేడిగా కాదు. మోచెయ్యి పెట్టి చూసుకో, పసిపిల్లకి పోసే నీళ్ళలా ఉండాలి."

ఐసు ఫ్యాక్టరీలో ఇలాంటివి ఎన్ని చూశాడో. బకెట్టులో నీళ్ళు తెచ్చాను. అమ్మ రెండు కాళ్ళూ అందులో పెట్టింది. కాసేపటికి మెట్టెలు చర్మాన్ని వదిలాయి గానీ, వేళ్ళు అప్పటికే ఉబ్బడంతో ఊడి రాలేదు. ఎడమకాలి వేలు ఎర్రబడింది. కుడికాలిది ఎర్రబడలేదు, మచ్చలు మచ్చలుగా నీలం తిరిగింది. అప్పుడు మొదలైంది నొప్పి. పెళ్ళిళ్ళలోనూ చావుల్లోనూ తప్ప అమ్మ ఏడవగా నేను చూడలేదు. నా భుజం మీద మొహం పెట్టుకుని, బయటికి వినపడకూడదని నా చున్నీ కొరుక్కుంటూ ఏడ్చింది.

ఆస్పత్రికి చేరేసరికి వేలు రెండింతలు వాచింది. మెట్టె లోపలికి దిగిపోతోంది. డాక్టరుగారు చూసి, దాన్ని కత్తిరించాలన్నారు.

"వద్దండీ" అంది అమ్మ. "సబ్బు పెడితే వచ్చేస్తదండీ."

"రాదమ్మా. ఇలాగే ఉంచితే రక్తం ఆడక వేలు పోతుంది."

"ఆయన్ని ఒకసారి అడగాలండీ."

నేను నాన్నకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. జరిగింది డాక్టరుగారే చెప్పారు. నాన్న విన్నాడు. మొదట మగ్గం చప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది.

"కొయ్యండి డాక్టరుగారూ" అన్నాడు. "ఏమేవ్, వింటున్నావా? నేను బతికే ఉన్నానే. ఫోన్లో మాట్లాడేది నేను కాదా? మెట్టెలు మళ్ళీ చేయించొచ్చు, వేలెవడు చేస్తాడు?"

అమ్మ కళ్ళు మూసుకుంది. చిన్న కట్టరుతో డాక్టరుగారు ముందు కుడికాలిది, తర్వాత ఎడమకాలిది తెంపారు. టక్, టక్. అమ్మ రెండుసార్లూ ఉలిక్కిపడింది, తగలకపోయినా. కట్టు కట్టాక నేనే అడిగాను, మగ్గం మాటేమిటని. కాలు కింద పెట్టకూడదన్నారు. ఎడమది బాగానే ఉంటుంది. కుడికాలి వేలు నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేను, నెల పట్టొచ్చు, రంగు తిరుగుతుందేమో చూడాలి అన్నారు.

మందులకోసం వరండాలో బల్ల మీద కూర్చున్నాం. తెగిన మెట్టెలు దూదిలో చుట్టి ఇచ్చారు, అమ్మ చేతిలో ఉన్నాయి. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం అందుబాటులో ఉన్నవాళ్ళ మీదికి వెళ్తుంది.

"చెప్పానుగా అమ్మా, లోహం ఏదీ ఉండకూడదని? ఎందుకు దాచావు?"

"తీయలేకపోయానే. మెడకైతే పసుపుకొమ్ముంది. వీటికి బదులు ఏం కట్టుకోవాలో ఎవర్నడిగినా చెప్పలేదు." కట్టు వైపు చూస్తూ అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అయినా నువ్వు చూశావుగా."

"నడిచేటప్పుడు వెనక్కి చూశాను, నువ్వు నా కాళ్ళే చూస్తున్నావు. నువ్వేమన్నా అంటే తీసేద్దాం, ఏం చేస్తాం అనుకున్నా. ఏమీ అనలేదు. ఇక్కడ పనిచేసేదానివి, నీకు తెలియదా? చూసి ఊరుకుందంటే పర్లేదు కాబోలు అనుకున్నా."

నిందించలేదు. నిజంగానే అలా అనుకుంది, అదే చెప్పింది. ఆ మిషనులో మొదటిసారి నిలబడ్డప్పుడు కూడా నాకలా ఊపిరి ఆగిపోలేదు. నా నోరు మూసుకుపోవడాన్ని అమ్మ భరోసాగా తీసుకుని, దాన్ని నమ్ముకుని ఆ చలిలోకి దిగింది.

మర్నాడు సెంటర్లో మేడం జరిగింది రాసివ్వమంది. "కస్టమరు మెట్టెలు దాచారు అని రాయి. మీ అమ్మగారే కాబట్టి గొడవేం ఉండదులే" అంది. మెత్తగానే అంది. నేను కాగితం తీసుకుని, మెట్టెలు సాక్సుల కింద ఉన్నట్టు నేను చూశాను, చెప్పలేదు, కాళ్ళు కడుక్కోమన్నదీ నేనే, అని రాసి ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, ఇది నీ డైరీ కాదమ్మా అంది. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. వారం రోజులు మిషను ఆపేశారు, అందరికీ మళ్ళీ నేర్పించారు. ఫారం కింద తెలుగులో రెండు గళ్ళు నా చేతిరాతతో చేర్చారు.

మొదటిది మెట్టెలు. రెండోది మిషను చూసే ఆయన గుర్తుచేసింది, మొలతాడు. జిమ్ము నుంచి వచ్చే మగవాళ్ళలో చాలామందికి ప్యాంటు లోపల వెండి మొలతాడు ఉంటుంది, ఎవరూ చెప్పరు. దాన్ని అడగాల్సింది నేను. మొదటిరోజు ఆరడుగుల మనిషి, చేతులు అరటిబోదెల్లా ఉన్నాయి, బల్ల ముందు నిలబడ్డాడు. నా మొహం కాలిపోతోంది.

"మొలతాడు దారందా అండీ, వెండిదా?"

"ఏంటీ?" అన్నాడు.

గదిలో ఉన్న నలుగురూ తిరిగి చూసేంత గట్టిగా మళ్ళీ అడిగాను. పక్కనున్న స్నేహితుడు పగలబడి నవ్వాడు. ఆరడుగుల మనిషి తలొంచుకుని, "వెండిదండీ, అమ్మ వేయించింది" అన్నాడు. తీసి వచ్చేదాకా మిషను గదిలోకి పంపలేదు.

ప్రతి ఆదివారం ఊరికెళ్ళి కట్టు విప్పినప్పుడు చూసేదాన్ని. మొదటి ఆదివారం నలుపు. రెండో ఆదివారం కూడా నలుపే, ఆ రోజు బస్సులో కిటికీ వైపు తిరిగి వచ్చాను. నాలుగో ఆదివారం ఆ నల్లటి తోలు అంచు దగ్గర లేచి, కింద పసిపిల్ల వేలిలా గులాబీరంగు కనిపించింది. గోరు ఊడిపోయింది. వేలు నిలిచింది. "మోకాళ్ళు మాత్రం రెండ్రోజులు హాయిగా ఉన్నాయే, నిజం చెప్పాలంటే" అంది అమ్మ. నాన్న ఆమె వైపు చూసిన చూపు రాయడం నా వల్ల కాదు.

మొన్న అమ్మ మళ్ళీ గుంటలోకి దిగింది. నేనూ పక్కన నేల మీద కూర్చున్నాను. వేలి చివర ఇంకా స్పర్శ రాలేదు, వస్తుందో రాదో తెలియదు. కుడికాలు చెక్క మీద పెట్టి, జారి, మళ్ళీ పెట్టింది. కళ్ళు పోగుల మీదే ఉన్నాయి.

"చూడవే, వేలు చెక్క మీదుందా?"

గుంటలోకి వంగి చూశాను. కొంచెం పక్కకి ఉంది.

"ఇటు జరుపమ్మా. కుడికి. ఇంకొంచెం. ఆ, ఉంది."

అమ్మ తొక్కింది. నాడె ఇటునుంచి అటు వెళ్ళింది. రెండోసారి తొక్కబోతూ మళ్ళీ అడిగింది, నేను చెప్పాను. అవతలి మగ్గం మీద నాన్న నేస్తున్నాడు. ఆ చప్పుడులో అమ్మ చెవి నా వైపు వంచింది.

"గట్టిగా చెప్పవే, వినపడట్లా."

"ఉందమ్మా!" అని అరిచాను.